కాటన్ దొర: నీటి పనిలో ఒక విశ్వాసి



లండన్‌కు దక్షిణాన సర్రే ప్రాంతంలో డోర్కింగ్ అనే చిన్న పట్టణం ఉంది. లండన్ నుండి రైల్లో సుమారు గంట ప్రయాణం. ఆ ఊరి సమాధుల తోటలో సర్ ఆర్థర్ కాటన్ సమాధి ఉంది. ఆ ఊళ్ళో ఉండేవారిలో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. కానీ గోదావరి జిల్లాల నుండి ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళు కొందరు అక్కడికి వెతుక్కుంటూ వెళ్ళి, పూలు పెట్టి, కాసేపు నిలబడి వస్తారు.

మీది కోనసీమో, భీమవరమో, తణుకో అయితే ఆయన గురించి నేను చెప్పనక్కరలేదు. మీ ఊరి కాలువ గట్టున ఆయన విగ్రహం చూసే పెరిగి ఉంటారు. గోదావరి పుష్కరాల్లో కొందరు హిందూ సోదరులు తమ పితరులతో పాటు ఆయనకూ పిండం పెడతారు. ఆయనను అపర భగీరథుడంటారు. అయితే ఆయన దేవుని వాక్యం మీద ఆనుకొని బ్రతికిన విశ్వాసి అని మనలో ఎంతమందికి తెలుసు? పాస్టరు గారు కాదు, మిషనెరీ కాదు. జీవితమంతా ప్రభుత్వ ఉద్యోగం చేసినవాడు. నీళ్ళ లెక్కలు కట్టినవాడు.

మనలో చాలామందికి లోపల ఒక ప్రశ్న ఉంటుంది. ఆదివారం ఆరాధనలో కూర్చుంటాం, సోమవారం ఆఫీసుకో ఆసుపత్రికో వెళ్తాం. ఆదివారం చేసేది దేవుని పని, సోమవారం చేసేది పొట్టకూటి పని అనుకుంటాం. నిజంగా అంతేనా? ఈ మనిషి జీవితం చూశాక మీరే చెప్పండి.

ఇసుక మీద కట్టడం నేర్చుకున్న విద్యార్థి

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పెద్ద కుటుంబంలో పుట్టారు. పదకొండు మంది కొడుకుల్లో ఆయన పదవవాడు. పదిహేనేళ్ళ వయసులో అడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. 1821లో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. మన పిల్లలు ఆ వయసులో యూనివర్సిటీకి వెళ్తుంటేనే మనకు దిగులు. ఆ రోజుల్లో ఇండియాకి పంపిన కొడుకు తిరిగి వస్తాడన్న నమ్మకం ఏ తల్లికీ ఉండేది కాదు.

మొదట్లో దక్షిణాది చెరువుల శాఖలో పనిచేశారు. బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చారు. యౌవనంలోనే క్రీస్తును తన స్వంత రక్షకునిగా ఎరిగారు. ఆ విశ్వాసం తొంభై ఆరేళ్ళ వరకు సడలలేదు.

1828 నుండి ఆయనకు కావేరి నది పని అప్పగించారు. అక్కడ సమస్య ఇది. శ్రీరంగం దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. కొల్లిడం అనే పాయ పల్లంగా ఉండి నీళ్ళన్నీ లాగేసుకుంటోంది. తంజావూరు పొలాలకు వెళ్ళే కావేరి పాయ ఇసుక మేట వేసి ఎండిపోతోంది. కొల్లిడానికి అడ్డంగా కడితే తప్ప తంజావూరు బ్రతకదు. కానీ నది అడుగున రాయి లేదు, ఎంత లోతుకు తవ్వినా ఇసుకే. పునాది ఎక్కడ వేయాలి?

దానికి జవాబు ఇంగ్లండు పుస్తకాల్లో దొరకలేదు. అక్కడికి దగ్గర్లోనే చోళరాజులు వందల ఏళ్ళ క్రితం కట్టిన కల్లణై అనే రాతి ఆనకట్టలో దొరికింది. కదిలే ఇసుక మీద రాళ్ళను ఎలా కూర్చోబెట్టాలో ఆ పాతకాలపు పనివారికి తెలుసు. కాటన్ ఆ కట్టడాన్ని శ్రద్ధగా చదివారు. తమకు ఆ విద్య నేర్పింది ఈ దేశపు పూర్వులేనని తరువాతి కాలంలో బహిరంగంగా ఒప్పుకున్నారు. పాలించడానికి వచ్చిన జాతివాడు పాలితుల దగ్గర శిష్యరికం చేశానని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1836 నాటికి కొల్లిడం మీద రెండు ఆనకట్టలు లేచాయి. తంజావూరు పొలాలకు మళ్ళీ నీళ్ళు వచ్చాయి.

ఆ తరువాత ఆరోగ్యం పాడై కొంతకాలం ఆస్ట్రేలియా వైపు వెళ్ళారు. అక్కడ టాస్మేనియాలో 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను పెళ్ళి చేసుకున్నారు. తిరిగి వచ్చాక దేవుడు ఆయనను మన తెలుగు నేలకు నడిపించాడు.

నిండు నది పక్కన ఆకలి

అప్పటి గోదావరి జిల్లాను ఇప్పటి పచ్చదనంతో ఊహించుకోకండి. వాన పడితే పంట, పడకపోతే వలస. నది ఎక్కువగా పొంగితే ఊళ్ళు మునిగేవి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, భయంకరమైన కరువు వచ్చింది. గుంటూరు సీమలో దాన్ని డొక్కల కరువు అన్నారు. ఆ సీమలో మూడో వంతుకు పైగా జనం చనిపోయారని అంచనా. 1839లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచేసింది. గోదావరి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనాభా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చనిపోయారు, కొందరు ఊరు విడిచి వెళ్ళిపోయారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు పక్కనే గోదావరి నిండుగా ప్రవహించి సముద్రంలో కలుస్తూనే ఉంది. కాటన్ గుండెను కలచివేసింది అదే. దేవుడు నీళ్ళు ఇచ్చాడు. మనిషి వాటిని పొలం వరకు తీసుకెళ్ళలేదు. ఆకలికి కారణం నీటి కొరత మాత్రమే కాదు, పాలించేవారి నిర్లక్ష్యం కూడా అని ఆయన గ్రహించారు.

జిల్లా పరిస్థితి విచారించడానికి ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పంపింది. నీటిపారుదల ఒక్కటే మార్గమని 1844లో ఆయన నివేదిక ఇచ్చారు. నదిని, నేలను పరిశీలించి కాటన్ తన నివేదికలు సమర్పించారు. ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్నారు. వాటిలో ఒక సంగతి గమనించండి. ఆయన మనసులో ఉన్నది ఆకలితో ఉన్న ప్రజలు. కానీ కాగితం మీద ఆయన వేసిన లెక్కల్లో ఎన్ని ఎకరాలు సాగవుతాయి, ఎంత శిస్తు వస్తుంది, పెట్టుబడి ఎన్నాళ్ళకు తిరిగి వస్తుంది అన్నది ప్రధానంగా ఉంది. కంపెనీ వారికి కావలసింది శిస్తు. వారికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడి, ప్రజలకు కావలసినది సాధించారు. ఫరో కొలువులో యోసేపు ధాన్యం లెక్కలు కట్టి జనాన్ని బ్రతికించాడు. ఆ కథ మనం సండే స్కూల్లోనే విన్నాం.

ధవళేశ్వరం

1847లో పని మొదలైంది. అక్కడ గోదావరి వెడల్పు, మధ్యలో లంకలతో కలిపి, దాదాపు నాలుగు మైళ్ళు. ఆనకట్టను నాలుగు భాగాలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కట్టడం మాత్రమే కొలిస్తే సుమారు 12,000 అడుగులు, అంటే రెండు మైళ్ళకు పైగా. మొదట్లో దాని ఎత్తు 12 అడుగులు.

ఈనాటి డ్యాములాగా అది నీటిని నిలవ చేయదు. నది మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి, గట్టు పక్కన తవ్విన కాలువల్లోకి మళ్ళిస్తుంది. వరద వస్తే నీళ్ళు దాని మీదుగా పొర్లిపోతాయి. ధవళేశ్వరం కొండను తొలిచి రాయి తీశారు. దాన్ని పట్టాల మీద బళ్ళలో నది వరకు తెచ్చి, పడవల్లో ఎక్కించి లంకలకు చేర్చారు. ఇక్కడా అడుగున ఇసుకే. కొల్లిడంలో నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికొచ్చింది.

వేలమంది కూలీలు పనిచేశారు. ఆ జనాన్ని సమకూర్చి, పని నడిపించినవారిలో ముఖ్యుడు వీణం వీరన్న అనే తెలుగువాడు. ఆయన సహాయం లేకపోతే ఆ పని అనుకున్న సమయానికి అయ్యేది కాదని కాటన్ అభిప్రాయం. తరువాత ప్రభుత్వం వీరన్నకు రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చింది.

పని నడిమధ్యలో, 1848లో, కాటన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. అన్నీ వదిలి మళ్ళీ ఆస్ట్రేలియా వెళ్ళక తప్పలేదు. ఆ సమయంలో కెప్టెన్ ఆర్ అనే అధికారి పనిని ముందుకు నడిపించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. తాను లేకపోయినా పని ఆగలేదు. ప్రియులారా, దేవుని పని ఒక మనిషి మీద ఆధారపడదు. మన సంఘాల్లో బాధ్యతలు మోసేవారందరం ఇది గుర్తుంచుకోవాలి.

1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు కోనసీమ వరకు సాగాయి. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించడానికి కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజనీరు 49 ఖానాలతో అక్విడక్టు కట్టారు. కాటన్ మార్గదర్శకత్వంలోనే బెజవాడ దగ్గర కృష్ణానది మీద కూడా ఆనకట్ట లేచింది. దాన్ని కెప్టెన్ ఆర్ 1855 నాటికి పూర్తి చేశారు.

1876-78లో దక్షిణ భారతాన్ని ఘోరమైన కరువు పట్టింది. లక్షల మంది చనిపోయారు. ఆ సంవత్సరాల్లో గోదావరి, కృష్ణా డెల్టాలు పండాయి. తాము తినడమే కాదు, బయటి జిల్లాలకు ధాన్యం పంపాయి. నలభై ఏళ్ళ ముందు ఆకలితో ఖాళీ అయిన నేల ఇప్పుడు ఇతరుల ఆకలి తీర్చింది.

ఓడిపోయిన పనులు

ఆయన జీవితంలో అన్నీ విజయాలే అని చెబితే అది సాక్ష్యం కాదు, పొగడ్త అవుతుంది.

గోదావరి పై భాగంలో రాతి గండ్ల దగ్గర కాలువలు తవ్వి, మధ్య భారతం దాకా పడవలు నడపాలని ఆయన కల. దుమ్ముగూడెం దగ్గర హేగ్ ఆ పని చేపట్టారు. ఖర్చు పెరిగి, చివరికి 1871లో ప్రభుత్వం దాన్ని మానేసింది. తుంగభద్ర నీటిని సుంకేశుల నుండి కర్నూలు, కడప వైపు తీసుకెళ్ళే కాలువ ఆయన ఆలోచనల ఫలితమే. ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని తవ్వింది. రైతులు అనుకున్నంతగా నీళ్ళు కొనలేదు, కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొన్నది. ఒరిస్సాలో ఆయన సూచించిన పథకం కూడా డబ్బు విషయంలో దెబ్బతిన్నది.

రైళ్ళ కంటే కాలువలకే డబ్బు పెట్టాలని ఆయన జీవితాంతం వాదించారు. రైలు ధాన్యాన్ని మోస్తుంది కానీ పండించదు అన్నది ఆయన వాదన సారాంశం. అధికారంలో ఉన్నవారు చాలామంది ఒప్పుకోలేదు. 1878లో, డెబ్బై ఐదేళ్ళ వయసులో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ వంటి కొందరు ఆయన పక్షాన నిలిచారు. కమిటీ మాత్రం ఆయన వైపు మొగ్గలేదు.

అయితే ఓడిపోయిన పనుల్లోనూ దేవుడు తన పని చేసుకున్నాడు. నష్టమని అందరూ తేల్చిన కర్నూలు-కడప కాలువ నేటికీ రాయలసీమ పొలాలకు నీళ్ళిస్తోంది. దుమ్ముగూడెంలో పడవలు సాగలేదు, కానీ అక్కడ పనికి వెళ్ళిన హేగ్ భక్తిగల క్రైస్తవుడు. ఆ అడవుల్లోని కోయ ప్రజల మీద ఆయనకు భారం కలిగింది. 1860 ప్రాంతంలో అక్కడ మొదలైన కోయ మిషన్‌కు ఆయనే మూలకారకుడు. నీటి పని కోసం వెళ్ళినవాడు సువార్తకు దారి తెరిచాడు.

చివరి రోజులు

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశారు. 1861లో సర్ బిరుదు వచ్చింది, తరువాత జనరల్ హోదా వచ్చింది. ఇంగ్లండులో స్థిరపడి, చివరికి డోర్కింగ్‌లో నివసించారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో అరబ్బీ భాష మీద పట్టు సాధించి, నేర్చుకునేవారి కోసం 1876లో ఒక వాచకం రాసి ప్రచురించారు. ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, చిన్న రైతుకు దిగుబడి ఎలా పెరుగుతుందో పరీక్షించేవారు. ఆయన కుమార్తె ఎలిజబెత్, పెళ్ళి తరువాత లేడీ హోప్, సువార్తికురాలు. తాగుడుకు బానిసలైన పనివారి మధ్య డోర్కింగ్‌లో పరిచర్య చేశారు. తండ్రి జీవితచరిత్రను ఆమే రాశారు.

1899 జులై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో, కాటన్ ప్రభువునందు నిద్రించారు. ఆయన ఆనకట్ట నూట ముప్పై ఏళ్ళ పాటు పనిచేసింది. 1980ల నాటికి దాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చింది. దానికి ఆయన పేరే పెట్టారు. నేడు సుమారు పది లక్షల ఎకరాలకు ఆ నీళ్ళు అందుతున్నాయి.

మనకు మిగిలిన ప్రశ్న

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. మన తెలుగు సంఘాల్లో చాలా కుటుంబాలు మాల మాదిగ పేటల నుండి వచ్చినవే. ఆ రోజుల్లో కాలువలు తవ్వి, మట్టి మోసి, గట్లు వేసిన చేతుల్లో మన పూర్వుల చేతులూ ఉండి ఉంటాయి. కాలువ కింద పొలం మాత్రం వారిలో చాలామందికి దక్కలేదు. డెల్టా ధనికమైంది, కానీ కాలువ ఎక్కని మెట్ట ప్రాంతాలు చాలాకాలం ఎండుతూనే ఉన్నాయి. కాటన్ నీటిని పొలం గట్టు దాకా తెచ్చారు. పొలం ఎవరిది అన్న ప్రశ్న ఆయన పరిష్కరించలేదు. అది ఆయన చేతిలో లేదు కూడా.

అయినా కరువులో మొదట చచ్చేది కూలివాడే. భూమి ఉన్నవాడి ఇంట్లో గాదె ఉంటుంది, కూలివాడి ఇంట్లో రేపటి గింజ ఉండదు. కాబట్టి ఆ నీళ్ళు మన వారినీ బ్రతికించాయి. రెండు పంటలు పండిన ఊళ్ళో కూలి దొరికింది. కూలి దొరికిన చోట పిల్లలు బ్రతికారు, కొందరు మిషను బడికి వెళ్ళారు. ఈ రోజు మీరు ఈ దేశంలో కూర్చుని ఈ మాటలు చదువుతున్నారంటే, దాని వెనుక ఎక్కడో ఒక కాలువ ఉండవచ్చు.

ఆయనకు మనం పిండం పెట్టం. ఆయనను దేవుణ్ణి చేయం, అది ఆయనకూ ఇష్టం ఉండదు. ఆ నీళ్ళు తనవి కావని ఆయనకు తెలుసు. కానీ కృతజ్ఞత చెల్లించడం మన బాధ్యత. ఆ కృతజ్ఞత పూలు పెట్టి రావడంతో ఆగకూడదు. మన ఉద్యోగాన్ని దేవుని ముందు పెట్టి, దీని నీళ్ళు ఎవరి దాకా వెళ్తున్నాయి అని అడుక్కోవడమే నిజమైన కృతజ్ఞత. ఆసుపత్రిలో మీ డ్యూటీ, కంప్యూటరు ముందు మీ పని, బడిలో మీ పాఠం — వీటి వల్ల ఎవరి దాహం తీరుతోంది? ఊళ్ళో ఇంకా కాలువ చేరని ఇళ్ళు ఉన్నాయి. మన చదువు, మన జీతం, మన పలుకుబడి అక్కడి దాకా వెళ్ళాలంటే ఏ ఆనకట్ట కట్టాలి?

ఈ వారం సోమవారం పనికి బయలుదేరేముందు ఒక్క నిమిషం ఆగి ఈ ప్రార్థన చేయండి: ప్రభువా, ఈ రోజు నా చేతి పని ఎవరికైనా నీళ్ళు కావాలి. ఎప్పుడైనా డోర్కింగ్ వైపు వెళ్తే, ఆ సమాధి దగ్గర పిల్లలను నిలబెట్టి ఈ కథ చెప్పండి. దేవుడు మిమ్మును మీ కుటుంబాలను దీవించును గాక. ఆమెన్.